వేసవి చేపల వేటకు ముందు చెరువును పరీక్షించడం



శివరాత్రి దాటిందంటే మన పల్లెల్లో అందరి చూపూ చెరువు మీద పడుతుంది. తూము కింద యాసంగి వరికి నీళ్లు పారి పారి చెరువు రోజురోజుకీ తగ్గుతుంటుంది. వానాకాలంలో వదిలిన బొచ్చెలు, రవ్వలు, ఎర్రమోసులు ఎదిగి ఉంటాయి. కోస్తా వారు రవ్వనే శీలావతి అంటారు. పేరు ఏదైనా చేప ఒకటే. ఇక వల తియ్యడమే తరువాయి అని సంఘం వారు ముహూర్తం పెట్టుకుంటారు, దళారితో బేరం కుదుర్చుకుంటారు, మంచుగడ్డకు బయానా ఇస్తారు.

ఇవన్నీ చేస్తారు గాని, ఆ చెరువును ఒక్కసారి పరీక్షించి చూసేవారు తక్కువ. ఎద్దును కొనబోతే పళ్లు చూస్తాం, నడిపించి చూస్తాం. విత్తనం వేయబోతే మొలకశాతం చూస్తాం. అటువంటిది ఏడాది రాబడీ, దిగే మనుషుల ప్రాణాలూ రెండూ ఆధారపడిన చెరువును చూడకుండా దిగడం ఏం న్యాయం? అందుచేత వేటకు ముందు చెరువు అడుగును, నీటిని ఎట్లా పరీక్షించాలో ఈనాడు మీకు మనవి చేస్తాను. దీనికి పెద్ద యంత్రాలేమీ అక్కరలేదు. ఒక వెదురుగడ, ఒక పళ్లెం, కొంత తాడు, ఒక నోటుపుస్తకం చాలు.

అడుగును తెలుసుకోవడం

పూర్వం చెరువు అడుగు అంటే పళ్లెం వంటిది. ఒడ్డు నుంచి కట్ట వైపు మెల్లగా లోతు పెరుగుతూ పోయేది. ఏ అడుగుకు ఎంత నీరు ఉంటుందో బెస్తవారికి కాలికి తెలిసి ఉండేది. ఇప్పుడు అట్లా లేదు. తెలంగాణాలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద వేల చెరువుల్లో పూడిక తీశారు. ఆ ఒండ్రు పొలాలకు బలమే, చెరువుకూ నీరు పెరిగింది. మేలే జరిగింది. కాని పూడికతీత ఒక పద్ధతిగా జరిగిన చోట అడుగు చదునుగా ఉంటుంది. ఇటుకబట్టీలకనీ, రోడ్లకనీ ఎవరికి తోచిన చోట వారు యంత్రం పెట్టి తవ్వుకున్న చోట మాత్రం గోడ కోసినట్లు నిలువు గుంతలు మిగిలాయి. మోకాలి లోతు నీటిలో నడుస్తున్న మనిషి మరో అడుగు వేసేసరికి రెండు నిలువుల లోతులో ఉంటాడు.

ఇవి గాక శిఖం భూముల్లో బావులు ఉంటాయి. కరువు రోజుల్లో చెరువు ఎండినప్పుడు మోటార్ల కోసం తవ్వినవి. చెరువు నిండితే అవి మునిగిపోతాయి. ఊళ్లో పెద్దవారికి వాటి గుర్తు ఉంటుంది గాని, ఈ కాలపు పిల్లలకు ఉండదు. ఎండాకాలం సెలవుల్లో పిల్లలు చెరువులో మునిగి పోయారన్న వార్త ప్రతి యేడూ వింటున్నాం. చాలా చోట్ల కారణం ఈ గుంతలే.

కనుక మొదటి పని ఇది. 15 అడుగుల వెదురుగడ తీసుకొని అడుగు అడుగుకూ ఎర్రరంగు గీత పెట్టండి. ఇద్దరు ఈతగాళ్లు తెప్ప మీద ఎక్కి, కట్టకు అడ్డంగా ఒక వరుస, మళ్లీ 20 అడుగులు దూరం జరిగి ఇంకో వరుస, ఈ విధంగా నాగలి సాళ్లలాగా చెరువంతా తిరగాలి. నాలుగైదు బారలకు ఒకసారి గడ దించి లోతు చూడాలి. ఒడ్డున ఒకరు కూర్చొని పుస్తకంలో రాసుకోవాలి. లోతు ఒక్కసారిగా మూడు నాలుగు అడుగులు పెరిగిందంటే అక్కడ గుంత ఉన్నట్లే. ఆ గుంత చుట్టూ నాలుగు వెదురు బొంగులు నాటి ఎర్రగుడ్డ కట్టాలి. బొంగు నిలువని లోతైతే, ఖాళీ నూనె డబ్బాకు బిగువుగా మూత పెట్టి, తాడుతో రాయి కట్టి వదిలితే అది తేలుతూ గుర్తుగా ఉంటుంది. కట్ట మీది తాడిచెట్టు, ఊరి గుడి గోపురం ఏ వైపు కనబడుతున్నాయో కూడా రాసుకుంటే మరుసటి యేడు వెతుక్కోనక్కర ఉండదు.

మా మండలంలో ఒక పెద్ద బెస్తాయనను, "ఏం మామా, యాభై ఏండ్లు ఈ చెరువులోనే ఉన్నావు గదా, నీకు కూడా గడ అవసరమా?" అని అడిగాను. "సారూ, చెరువు నాకు తెలుసు. నిన్న తవ్విపోయినోడి సంగతి నాకేం తెలుసు?" అన్నాడు. ఆ మాట మనమందరం గుర్తుంచుకోదగింది.

ఎండిన పెచ్చును నమ్మరాదు

చెరువు వెనక్కి పోతున్నకొద్దీ అంచున మట్టి ఎండి నెర్రెలు విచ్చుతుంది. పైకి గట్టిగా కనబడుతుంది. దాని కింద అడుగో అడుగున్నరో మెత్తని ఒండ్రు, ఊబి ఉండవచ్చు.

చలి దేశాలలో సరస్సులు శీతకాలం గడ్డకట్టిపోతాయి. అక్కడివారు ఆ గడ్డ మీద నడిచి వెళ్లి, దానికి రంధ్రం చేసి గాలం వేస్తారు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, మనిషి నడవాలంటే కొత్తగా పేరిన స్వచ్ఛమైన గడ్డ కనీసం 4 అంగుళాల మందం ఉండాలని ప్రభుత్వశాఖ వారు చెబుతారు. తెల్లగా, మంచు కలిసిన గడ్డ అయితే దానికి సగం బలమే లెక్క. వసంతం రాగానే మందం ఉన్న గడ్డ కూడా లోపల గుల్లబారుతుంది గనుక, పోయే ముందు గునపంతో పొడిచి, రంధ్రం వేసి కొలిచి గాని అడుగు వేయరు. ఒకచోట గట్టిగా ఉన్నంత మాత్రాన పది అడుగుల అవతల కూడా అట్లాగే ఉంటుందని నమ్మరు. మనకు గడ్డకట్టిన సరస్సులు లేవు. కాని ఎండిన పెచ్చు విషయంలో మనకూ అదే నీతి వర్తిస్తుంది. పైని చూసి లోపలిని నమ్మరాదు.

గడను నిలువుగా పట్టి చేతిబలంతో నొక్కండి. జానెడు దిగి ఆగితే నడవవచ్చు. రెండడుగులు దిగినా ఆగకపోతే ఆ తోవ మానండి. వల లాగడానికి గట్టి నేల ఉన్న రేవు ఒకటి ముందే చూసి పెట్టుకోవాలి. కాలు దిగబడితే గుంజుకోవద్దు. గుంజినకొద్దీ రెండో కాలు దిగుతుంది. వెనక్కి వాలి, గడను అడ్డంగా పట్టుకొని దాని మీద బరువు వేసి, కాలిని మెల్లగా కదుపుతూ తీయాలి. పశువులను, ట్రాలీలను ఈ పెచ్చు మీదికి తోలరాదు.

తూము, కరెంటు

చెరువు నీరు పారుతూ ఉంటే తూము దగ్గర గుంజుడు ఉంటుంది. పైకి నీరు నిశ్చలంగానే ఉంటుంది గాని, లోపల మనిషి కాలు పట్టి లాగేటంత బలం ఉండవచ్చు. అందుచేత వేట రోజున తూము మూయించాలి. నీరటికి ముందురోజే చెప్పాలి. ఆయకట్టు రైతులతో కూడా మాట్లాడి ఒప్పించాలి. ఒక పూట తడి ఆగితే వరికి నష్టం లేదు. తూము మొగలో వల చిక్కుకుంటే, తూము మూసి నీరు నిలిచిన తరువాతనే దిగి తీయాలి.

చాలా చెరువుల అంచున మోటార్లు ఉంటాయి. వైర్లు నీటిలో పడి ఉంటాయి. జాయింట్లు గుడ్డపేలికలతో చుట్టి ఉంటాయి. వేట పూర్తయ్యేదాకా ఆ మోటార్లకు కరెంటు తీయించవలసిందే. పైన వేలాడే తీగల కింద తడి గడలు నిలువుగా ఎత్తవద్దు. చైత్ర వైశాఖాల్లో సాయంత్రం వేళ మబ్బు పట్టి ఉరిమితే, వలలో ఎంత చేప ఉన్నా సరే, ఒడ్డుకు వచ్చేయాలి. చెట్టు కింద నిలబడరాదు.

నీటిలో ప్రాణవాయువు

ఇక నీటి సంగతి. చేప కూడా మనలాగా ప్రాణవాయువు మీదనే బతుకుతుంది. నీటిలో కరిగి ఉన్న ప్రాణవాయువును మొప్పల ద్వారా తీసుకొంటుంది. లీటరు నీటిలో 5 మిల్లీగ్రాములకు తగ్గకుండా ఉంటే బొచ్చె, రవ్వ హాయిగా ఉంటాయి. 3 మిల్లీగ్రాములకు దిగితే అవస్థ పడతాయి.

నీరు వేడెక్కినకొద్దీ దానిలో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు పట్టే నీరు, 30 డిగ్రీల వద్ద ఏడున్నరే పడుతుంది. చేపకేమో వేడిలో ఎక్కువ కావాలి. ఆదాయం తగ్గి, ఖర్చు పెరిగిన సంసారం వంటిది ఇది.

దీనికి తోడు నీరు తగ్గుతుంది. ఒక చిన్న లెక్క చూడండి. వానాకాలంలో 20 ఎకరాల చెరువు, సగటున 6 అడుగుల నీరు అనుకుందాం. 120 ఎకరపు అడుగులు అయింది. ఎండాకాలానికి 5 ఎకరాలకు, 3 అడుగులకు దిగింది. 15 ఎకరపు అడుగులే మిగిలాయి. అంటే నీరు ఎనిమిదో వంతు అయింది. చేపలు మాత్రం తగ్గలేదు, పైగా బరువు పెరిగాయి. ఈ ఇరుకులో ఒక్క రాత్రి గాలి ఆడకపోతే మొత్తం సరుకు పోతుంది. పగలు ఎండలో నీటిలోని పచ్చని నాచు ప్రాణవాయువును తయారుచేస్తుంది. రాత్రి ఎండ లేదు, తయారీ లేదు, కాని చేప, నాచు, అడుగున కుళ్లే మట్టి అన్నీ వాడుకుంటూనే ఉంటాయి. అందువల్ల తెల్లవారుజామున ప్రాణవాయువు అతి తక్కువగా ఉంటుంది.

కనుక వేటకు వారం రోజుల ముందు నుంచి ప్రతిరోజూ కోడికూసే వేళకు ఒకరు కట్ట మీదికి వెళ్లి చూడాలి. చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరిచి గుటకలు వేస్తున్నాయా? చప్పట్లు కొడితే లోపలికి పోతున్నాయా, లేక అట్లాగే తేలి ఉన్నాయా? రొయ్యపిల్లలు అంచుకు చేరాయా? చప్పట్లకు చటుక్కున మునిగి, ఎండ రాగానే కనబడకుండా పోతే కొంచెం ఇబ్బంది ఉన్నదన్న మాట. చప్పుడుకు కూడా కదలకపోతే, ఎండ ఎక్కినా పైనే ఉంటే, ప్రమాదం ముంచుకొచ్చింది. మత్స్యశాఖ వారి దగ్గర గాని, కృషి విజ్ఞాన కేంద్రంలో గాని ప్రాణవాయువు కొలిచే సాధనం ఉంటే తెప్పించి చూసుకోవడం మరీ మంచిది.

రంగు, పళ్లెం పరీక్ష

8 అంగుళాల రేకుపళ్లెం ఒకటి తీసుకొని, నాలుగు భాగాలు చేసి ఒకటి విడిచి ఒకటి నలుపు, తెలుపు రంగులు వేయండి. నడుమ తాడు కట్టి కింద రాయి వేలాడదీయండి. పొద్దు బాగా ఎక్కిన తరువాత తెప్ప మీది నుంచి మెల్లగా దించండి. ఎక్కడ కనుమరుగైందో తాడు మీద గుర్తు పెట్టండి. మళ్లీ పైకి తీస్తూ ఎక్కడ కనబడిందో చూడండి. రెండింటి నడిమి కొలత తీసుకోండి. అడుగు నుంచి అడుగు పావు లోతులో కనుమరుగైతే నీరు బాగున్నట్లు. 8 అంగుళాల లోపే మాయమైతే, ఆ కారణం నాచా, మట్టా అని తేల్చుకోవాలి. గాజుగ్లాసులో ఆ నీరు పోసి కదపకుండా ఉంచితే మట్టి అడుగుకు దిగుతుంది. పచ్చదనం దిగకుండా తేలి ఉంటే నాచు మితిమీరిందన్న మాట. అటువంటి చెరువులో ఎరువు, పేడ, మేత వెయ్యడం తక్షణం మానాలి.

నీటి మీద ఆకుపచ్చ రంగు పోసినట్లు తెట్టె కట్టి, గాలికి ఒకవైపు చేరి కంపు కొడుతుంటే అది నీలాకుపచ్చ నాచు కావచ్చు. అందులో విషం పుట్టే రకాలున్నాయి. ఆ అంచున గొడ్లను నీళ్లకు వదలరాదు.

మబ్బు పట్టిన రోజుల్లో మరింత జాగ్రత్త కావాలి. ఎండ లేక నాచు పని చేయదు. అకస్మాత్తుగా పడిన వాన చల్లనీరు బరువుగా అడుగుకు దిగి, అడుగున ఉన్న చెడునీటిని పైకి లేపుతుంది. మామిడి జల్లు పడిన మర్నాడు పొద్దున్నే చెరువులో చేపలు తేలాయంటే చాలాసార్లు కారణం ఇదే. "ఎవరో మందు కలిపారు" అని ఊళ్లో తగవులు పెట్టుకునే ముందు ఈ తేడా చూడండి. ప్రాణవాయువు తగ్గితే చావు తెల్లవారుజామున మొదలవుతుంది. పెద్ద చేపలు ముందు పోతాయి. పైగాలి పీల్చగల కొరమీను, మార్పు బతికి ఉంటాయి. పురుగుమందు కలిస్తే వేళ అంటూ లేదు. చిన్న చేపలు ముందు పోతాయి, గిలగిల తిరుగుతాయి, కొరమీను కూడా మిగలదు, నీటిపురుగులు కూడా చస్తాయి. రెండోది అని అనుమానం వస్తే ఆ చేప తినరాదు, అమ్మరాదు. సీసాలో నీరు పట్టి ఉంచి మత్స్యశాఖకు కబురు చేయాలి.

వల ఎప్పుడు వెయ్యాలి

చల్లని వేళ చేప చెడదు గనుక తెల్లవారుజామున వల వేస్తారు. మంచిదే. కాని ఆ వేళకే నీటిలో ప్రాణవాయువు తక్కువ. లాగుడు వల అడుగు బురదను కెలుకుతుంది. కుళ్లు వాయువు బయటికి వస్తుంది. కనుక చేపలు గుటకలు వేస్తున్న రోజు లాగుడు వల వేయకండి. ఎండ ఎక్కి నీరు తేరుకున్న తరువాత వేయండి. గుటకలు లేని రోజు మాత్రం చల్లవేళనే వేయవచ్చు. ఒక్కరోజే అంతా ఊడ్చేయక, పెద్దవి ముందు తీసి, మిగిలినవాటికి చోటిచ్చి, రెండు మూడు విడతల్లో తీస్తే ధర పడిపోకుండా ఉంటుంది. నీరు మూడడుగులకు దిగేదాకా మాత్రం ఆగవద్దు. ఇంకో వంద గ్రాములు పెరుగుతుందన్న ఆశకు ఉన్న కిలో పోగొట్టుకోరాదు.

ఈలోగా ప్రమాదం కనబడితే, కాలువ నీరు గాని బోరు నీరు గాని ఎత్తు నుంచి పడేటట్లు వదలండి. అదీ లేకపోతే మోటారుతో చెరువు నీటినే తోడి పైనుంచి చిమ్మండి. తెప్పల మీద తిరుగుతూ నీటిని కర్రలతో కొట్టండి. చిన్న కుంటలో ఇవి పనిచేస్తాయి. పెద్ద చెరువులో ఒక మూల మాత్రమే కాపాడతాయి. అక్కడ అసలు మందు, సకాలంలో పట్టడమే.

పట్టిన చేపను శుభ్రమైన నీటితో కడిగి, వెంటనే మంచులో పెట్టాలి. ఎండాకాలంలో కిలో చేపకు కిలో మంచు లెక్క. ఒక వరుస నలిపిన మంచు, ఒక వరుస చేప, పైన మళ్లీ మంచు వేయాలి. మంచుబండి వచ్చాకనే వల దించాలి.

మనుషుల రక్షణ

ఒంటరిగా ఎవరూ దిగరాదు. కల్లు గాని సారా గాని తాగినవారిని దిగనివ్వరాదు. ఈత రానివారు ఒడ్డున తాడు పట్టాలి. దిగేవారు నడుముకు బెండ్లు గాని, బిగువుగా మూసిన ఖాళీ డబ్బా గాని కట్టుకోవాలి. మన తాతలు సొరబుర్ర కట్టుకొని ఈత నేర్చుకోలేదా? అందులో చిన్నతనం ఏముంది? ఒడ్డున 50 అడుగుల తాడు, ఒక పొడుగుగడ సిద్ధంగా ఉండాలి. ఎవరైనా మునుగుతుంటే వెంటనే దూకకండి. మునిగేవాడు పట్టుకుంటే ఇద్దరూ పోతారు. ముందు గడ అందించండి, తాడు విసరండి, పంచె విసరండి.

బయటికి తీసినవారిని తలకిందులుగా వేలాడదీయడం, కడుపు నొక్కడం, గిరగిర తిప్పడం చేయకండి. దానివల్ల కాలం వృథా అవుతుంది, కక్కినది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఊపిరి ఆడకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, తల కొంచెం వెనక్కి వంచి, ముక్కు మూసి నోటితో ఊపిరి ఊదాలి. స్పందన లేకపోతే రొమ్ము నడుమ గట్టిగా, వేగంగా నొక్కుతూ, నడుమ నడుమ ఊపిరి ఊదుతుండాలి. మరొకరు ఆ క్షణంలోనే 108కి ఫోను చేయాలి. కోలుకున్నా సరే, ఆసుపత్రికి తీసుకుపోవలసిందే. దీన్ని చేతితో చేయించి నేర్పే శిక్షణ మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వారిని అడిగి, వేటకు ముందే సంఘానికి ఏర్పాటు చేయించుకోవాలి.

తోటి కార్యకర్తలకు ఒక మాట. ఈ పరీక్షలు మనం చేసి చూపితే సంఘం వారు రెండో యేడు వారంతట వారే చేస్తారు. గుంతల పటం ఒకటి గీసి పంచాయతీ ఆఫీసులో, బడిలో అంటించండి. చేపలు పట్టడం అయిపోయినా ఎర్రగుడ్డలు తీయనివ్వకండి. సంఘం వారు వెళ్లిపోయిన తరువాత ఆ చెరువులో దిగేది సెలవులకు ఇంటికొచ్చిన పిల్లలే.

సోదరులారా! చెప్పినవన్నీ కుదించి చెబుతాను. వారం ముందు నుంచి తెల్లవారుజామున చెరువు చూడండి. గడతో లోతు చూసి గుంతలకు గుర్తు పెట్టండి. పెచ్చును నొక్కి గాని నడవకండి. పళ్లెంతో నీటి రంగు పరీక్షించండి. తూము మూయించండి, కరెంటు తీయించండి. తాడు, బెండ్లు, మంచు సిద్ధం చేసుకొని అప్పుడు వల దించండి. ఇదంతా కలిపి ఇద్దరు మనుషులకు రెండు రోజుల పని, రోజూ ఒకరికి తెల్లవారుజాము నిద్ర చెడటం. అంతకన్నా ఖర్చు లేదు. దిగినవారు దిగినట్లే ఇంటికి రావాలి, వలలో చేప సంతకు బతికినంత తాజాగా చేరాలి.